విద్యార్థి బృందంతో కొండ ప్రయాణం: కొండకు భారం కాకుండా నడవాలంటే

నలభై మంది ఒకేసారి కాలిబాట ఎక్కితే, ఎంత బుద్ధిగా నడిచినా కొండకు నష్టమే. అందుకని ముందు గుంపును విడగొట్టండి. పది, పన్నెండు మందికి ఒక జట్టు, జట్టుకీ జట్టుకీ అరగంట ఎడం. ప్రతి జట్టుకూ ముందొక పెద్ద, వెనకొక పెద్ద ఉండాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందువరుసలో ఉంచి, మిగతావాళ్లు ఆ వేగానికే నడవాలి.

తర్వాత సమయం లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 10 కిలోమీటర్లు నడిచి 900 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. ఇది గట్టిగా నడవగలిగే వాళ్ల లెక్క. విద్యార్థి జట్టుకు ఇంకో సగం కలిపి అయిదుంపావు గంటలు అనుకోండి, ఆగే సమయం వేరు. తెల్లవారగానే బయల్దేరితే మధ్యాహ్నపు పిడుగులకు ముందే కనుమ దాటవచ్చు. మంచు కరిగి పారే వాగులు కూడా పొద్దున్నే తక్కువగా ఉంటాయి. ఈ లెక్క తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. ఆలస్యమైన జట్టే అడ్డదారులు తొక్కుతుంది, చెత్త వదిలేస్తుంది, ఒంట్లో బాగోలేనివాళ్లను కూడా తొందరపెడుతుంది.

3000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు, నాలుగు రోజులకోసారి ఎత్తు పెరగకుండా ఒక రోజు ఆగాలి. విద్యార్థుల విషయంలో అసలు ప్రమాదం ఏమిటంటే, వెనక్కి పంపేస్తారన్న భయంతో, ఎత్తు పడక వచ్చే తలనొప్పిని దాచిపెడతారు. పొద్దున, సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగండి. తలనొప్పికి తోడు వికారమో, కళ్లు తిరగడమో ఉంటే ఆ రోజు పైకి వెళ్లకూడదు. మడమకు బొటనవేలు ఆనించి తిన్నగా నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తెల్లారేదాకా చూడకుండా కిందికి దింపండి, తోడు లేకుండా మాత్రం పంపకండి.

బాట బురదగా ఉన్నా దాని మధ్యలోనే, ఒకరి వెనక ఒకరు నడవాలి. అంచులు తొక్కితే బాట వెడల్పవుతూ పోతుంది. మలుపులు కోసుకుంటూ నిటారుగా దిగితే ఆ గాడి వెంట వాననీళ్లు పారి మట్టిని కోసేస్తాయి. బాటే లేని పచ్చిక మీద మాత్రం చెదిరి నడవండి, లేకపోతే కొత్త బాట పడుతుంది.

మలవిసర్జనకు నీటికీ, బాటకూ, గుడారాలకూ కనీసం 60 మీటర్ల దూరం ఉండాలి. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, మట్టితో పూడ్చాలి. ఒక్కొక్కరూ ఒక్కో చోటు వెతుక్కోవాలి. కాగితం, తడి తుడుపులు, శానిటరీ ప్యాడ్లు పాతిపెట్టకూడదు, సంచిలో వేసి వెనక్కి తేవాలి. అందరికీ ముదురు రంగు సంచి ముందే ఇచ్చేస్తే సిగ్గుపడి ఎవరూ విసిరేయరు. చలి ప్రాంతపు మట్టిలో క్రిములు మందకొడిగా పనిచేస్తాయి కాబట్టి పండ్ల తొక్కలు కూడా త్వరగా కుళ్లవు, వాటినీ వెనక్కి తేవాల్సిందే. సబ్బు నురుగును వాగులో కలపకండి, అది ఏ రకం సబ్బయినా సరే.

3000 మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి. గింజలు ఉడకవు, ఇంధనం అయిపోతుంది, అప్పుడు చెట్ల మీద చేయి పడుతుంది. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, గింజలు ముందే నానబెట్టండి. 2000 మీటర్లు దాటాక తాగే నీటిని మూడు నిమిషాలు మరిగించాలి.

సామాను మోసేవారిని పెట్టుకుంటే కూలీ, బరువు, పడుకునే చోటు బయల్దేరక ముందే మాట్లాడుకోండి. వాళ్లకూ చలి బట్టలు, తిండి ఉన్నాయో లేదో చూడటం బృందం బాధ్యతే. ఊళ్లలో అనుమతి అడిగే ఫొటో తీయాలి. మోత పశువులు ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడండి, లోయవైపు ఉంటే మూట తగిలి జారిపోతారు.