మన తర్వాత ఎవరు? 3వ పాఠం: గార్డియన్ కాగితం

గత పాఠంలో వైకల్యం ఉన్న పిల్లవాడి దినచర్యను నోటు పుస్తకంలోకి ఎక్కించాం. పిల్లవాడు అంటున్నాం గానీ వయసు ముప్పై అయిదో, నలభయ్యో ఉంటుంది. ఇంట్లో అలాగే పిలుస్తారు. చట్టం మాత్రం 18 నిండిన రోజు నుంచే అతణ్ణి పెద్దవాడంటుంది. ఆ తర్వాత అతని పేరున ఉన్న పొలం మీద, డబ్బు మీద అమ్మానాన్నల సంతకం దానంతట అది చెల్లదు. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలిసేది తండ్రి పోయాక, బ్యాంకు కౌంటరు దగ్గర.

బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దారి చూపింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు బుద్ధిమాంద్యం కింద వస్తారు. స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బు ఒక్కటే ఉంటే ఈ చట్టం వర్తించదు. పిల్లవాడి తరఫున నిర్ణయాలు తీసుకునే, సంతకం పెట్టే గార్డియన్‌ను నియమించేది జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీ. అందులో కలెక్టరు, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు.

దరఖాస్తు ఫారం ఎ. దాని కోసం మీ జిల్లాలో వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు), పిల్లవాడి, గార్డియన్ కాబోయేవారి ఆధార్, వయసు, చిరునామా రుజువులు, ఫొటోలు, గార్డియన్‌గా ఉంటానన్న వ్యక్తి రాతపూర్వక అంగీకారం సిద్ధం చేసుకోండి. సదరం తాత్కాలికమైతే గడువు తేదీ ముందు చూడండి. గడువు దాటిన సర్టిఫికెట్‌తో వెళ్తే ఆ పూట వృథా. నియామకం ఖాయమైతే ఫారం బి చేతికొస్తుంది. ఆస్తి లావాదేవీకి, బ్యాంకు ఖాతాకు చూపాల్సింది అదే.

అసలు చిక్కు ఎవరి పేరు రాయాలన్న దగ్గరే. డెబ్బై దాటిన తల్లి తన పేరే రాయించుకుని నిశ్చింతగా ఉంటుంది. ఆమె పోయిన మర్నాడు కథ మళ్లీ మొదటికొస్తుంది. తల్లిదండ్రులు దరఖాస్తు చేస్తూ తమకు నచ్చిన మరొకరి పేరు ప్రతిపాదించవచ్చు. డెబ్బైకి దగ్గరపడితే తర్వాతి తరం పేరే రాయడం మేలని మా అభిప్రాయం. తమ్ముడి పేరు రాసేముందు మరదలిని కూడా కూర్చోబెట్టి అడగండి. వండిపెట్టేది, మందులు వేసేది చాలాసార్లు ఆమే. వార్డు, అంటే గార్డియన్ సంరక్షణలో ఉండేవారు, ఆడపిల్లయితే ఒంటరి మగవాణ్ణి గార్డియన్‌గా పెట్టరు.

ఏ పనులకు గార్డియన్ కావాలో కూడా కమిటీ చూస్తుంది. వారానికి రెండు వందలు తనే ఖర్చుపెట్టుకోగలిగినవాడి చేతిలోంచి ఆ డబ్బు లాగేసుకోనక్కర్లేదు. అతను చేయలేని పనులే రాయండి: భూమి అమ్మకం, ఆపరేషన్‌కు ఒప్పుకోలు, పెద్ద మొత్తాలు.

కాగితం వచ్చాక చాలామంది బీరువాలో పెట్టి మరచిపోతారు. నియామకం జరిగిన 6 నెలల్లోగా అతని ఆస్తులు, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆపైన ఏటా మార్చి 31 తర్వాత 3 నెలల్లో, అంటే జూన్ నెలాఖరుకి లెక్కలు చూపాలి. పాలు, మందుల బిల్లులు ఒక కవర్లో వేస్తూపోతే జూన్‌లో తిప్పలుండవు. గార్డియన్ హింసించినా, పట్టించుకోకపోయినా, సొమ్ము తినేసినా తొలగించమని కమిటీని అడగవచ్చు. అందుకే గార్డియన్ కాని ఇంకో దగ్గరివారికి ఫారం బి నకలు ఇచ్చి ఉంచండి.

ఈ పాఠానికి ఇంటిపని: మూడు పేర్లు రాసుకోండి. మొదటి పేరున్నవారి ఇంట్లో పిల్లవాణ్ణి నాలుగు రోజులు ఉంచండి. కూడా మీరు వెళ్లకండి, నోటు పుస్తకం పంపండి. వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేశారో, దేని గురించి అడిగారో రాసుకోండి. పుస్తకంలో మీరు వదిలేసినవి అవే.

వచ్చే పాఠం ఫ్యామిలీ పెన్షన్. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగులు పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) బయటికి తీసి, అందులో ఈ బిడ్డ పేరు ఉందో లేదో చూసి పెట్టుకోండి.