కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కాకపోతే ఎక్కడ వెతకాలి

విశాఖపట్నంలో విడిభాగాలు కొని, జాతీయ రహదారి మీదుగా శ్రీకాకుళం తెచ్చుకుని, ఓపికగా ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ బటన్ నొక్కినా ఉలకకపోతే, ఏదో భాగం పాడైపోయిందని ముందుగా అనుమానం రావడం సహజం. ఆ అనుమానంతో మళ్లీ బస్సెక్కే ముందు కాసేపు ఆగడం మంచిది. కొత్తగా బిగించిన యంత్రాల్లో భాగం చెడిపోవడం కంటే, తీగ తప్పుచోట ఉండడమో, సగం దిగి ఆగిపోవడమో ఎక్కువగా కనిపిస్తుంది.

ముందు లక్షణాన్ని సరిగా గుర్తించాలి. బటన్ నొక్కినప్పుడు ఏ చలనమూ లేకపోతే కరెంటు అందడం లేదనో, ఆన్ చేయమన్న సంకేతం మదర్‌బోర్డుకు (భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డుకు) చేరడం లేదనో అర్థం. ఫ్యాన్లు ఒక్క క్షణం కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉందని, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి కంప్యూటర్ భాగాలకు అందించే డబ్బా) తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందని అనుమానించాలి. ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి తెర మాత్రం నల్లగా ఉంటే అది చాలావరకు పవర్ సమస్య కాదు. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కేబుల్ వైపు చూడాలి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలపాటు తెర మీద ఏమీ చూపకపోవచ్చు కనుక, తొందరపడి మధ్యలో ఆపేయకూడదు.

ఏ చలనమూ లేనప్పుడు వెతుకులాట గోడ దగ్గర మొదలుకావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్టెబిలైజర్, యూపీఎస్ వంటివి మధ్యలో ఉంటే తీసేసి, ఫోను చార్జర్ పెట్టి కరెంటు వస్తోందని రూఢి చేసుకున్న సాకెట్‌కే కంప్యూటర్‌ను నేరుగా తగిలించాలి. ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్‌లో గీత గుర్తు వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. పవర్ కేబుల్ కూడా ఎస్‌ఎంపీఎస్‌లోకి పూర్తిగా దిగకుండా వదులుగా ఉండిపోతుంది కనుక దాన్ని గట్టిగా నొక్కి చూడాలి. కొన్ని చవకరకం, పాతరకం ఎస్‌ఎంపీఎస్‌ల మీద 115, 230 అని రాసిన ఎర్ర మీట ఉంటుంది; మన సరఫరా 230 వోల్టులు కాబట్టి అది 230 దగ్గరే ఉండాలి, లేకపోతే లోపలి ఫ్యూజు పోతుంది.

ఇక్కడే ఎర్తింగ్ గురించి చెప్పుకోవాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, పై రంధ్రం వెనుక తీగ ఉండకపోవడం అరుదేమీ కాదు. అటువంటి చోట క్యాబినెట్ వెనుక స్క్రూకు టెస్టర్ ఆనిస్తే లైటు వెలుగుతుంది, చెయ్యి తగిలితే చిమచిమలాడుతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందని చాలామంది అప్పుడే తీర్మానిస్తారు గాని, సాధారణంగా దాని తప్పేమీ ఉండదు: కరెంటులోని రొదను వడపోసే చిన్న కెపాసిటర్లు లోపల రెండు తీగల నుంచి క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి, భూమికి దారి లేనప్పుడు సరఫరాలో దాదాపు సగం వోల్టేజి రేకు మీదికి వస్తుంది. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి సాధారణంగా ఇది కారణం కాకపోయినా, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించాకే మిగతా పనికి పూనుకోవాలి.

తరువాత మదర్‌బోర్డు. చాలా బోర్డుల మీద, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు అందితే వెలిగే చిన్న దీపం ఒకటి ఉంటుంది. అది వెలిగితే ఎస్‌ఎంపీఎస్ నుంచి కనీసం స్టాండ్‌బై కరెంటు అందుతోందని భావించవచ్చు. అప్పుడు అనుమానమంతా క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే సన్నని తీగల మీదికి మళ్లుతుంది. బోర్డు కింది అంచున గుంపుగా ఉండే సూదుల మీద ఒక్క వరుస అటూ ఇటూ జరిగినా బటన్ పనిచేయదు. లైట్ల తీగలకు ప్లస్, మైనస్ పట్టింపు ఉంటుంది గాని పవర్ స్విచ్ తీగకు లేదు, దాన్ని ఎటు తిప్పి పెట్టినా ఒకటే. బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూసి, పవర్ స్విచ్‌కు కేటాయించిన రెండు సూదులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి చూడాలి. కంప్యూటర్ లేస్తే బోర్డు బాగానే ఉన్నట్టు, తప్పు తీగదో బటన్‌దో అన్నట్టు. కొత్త బటన్ దొరికే వరకు రీసెట్ బటన్ తీగను ఆ సూదులకు తగిలించి పని గడుపుకోవచ్చు.

అలా కూడా లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను, ప్రాసెసర్ పక్కన పైమూలలో ఉండే 8 పిన్నుల కనెక్టర్‌ను బయటికి లాగి, కొక్కెం పడిన చప్పుడు వచ్చేదాకా మళ్లీ నొక్కాలి. ఆ 8 పిన్నుల చోట గ్రాఫిక్స్ కార్డు కేబుల్‌ను బలవంతంగా దూర్చకూడదు. రెండింటిలో ప్లస్, మైనస్ తారుమారుగా ఉంటాయి. ఒక ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ కేబుళ్లను (రెండు కొసలా ఊడదీయగలిగేవాటిని) మరొకదానికి వాడడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే బోర్డు వైపు కొస ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో తీగల వరుస కంపెనీకొక రకంగా ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలంటే, అన్ని కేబుళ్లూ భాగాల నుంచి ఊడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రాన్ని, పక్కనున్న నల్ల తీగ రంధ్రాన్ని పేపర్ క్లిప్‌తో కలిపి, ఆ తరువాతే స్విచ్ వేయాలి. తీగలన్నీ నల్లగా ఉన్న కొత్తరకాల్లో ఊహించి పెట్టవద్దు, పుస్తకంలోని పటం చూడాలి. లోడు తక్కువున్నప్పుడు ఫ్యాను తిరగని ఎస్‌ఎంపీఎస్‌లూ ఉన్నాయి కనుక, ఫ్యాను కదలలేదని చచ్చిపోయిందనుకోకుండా మల్టీమీటర్‌తో పసుపు తీగలో 12, ఎర్ర తీగలో 5, నారింజ తీగలో 3.3 వోల్టులు, 5 శాతం లోపు తేడాతో వస్తున్నాయేమో చూడాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ఒక్క క్షణం కదిలి ఆగిపోయే రకానికి నాకు బాగా నమ్మకమున్న పద్ధతి, బోర్డును క్యాబినెట్ నుంచి పూర్తిగా బయటికి తీయడమే. అది వచ్చిన అట్టపెట్టె మీద బోర్డును పరిచి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, 24 పిన్నులు, 8 పిన్నులు తప్ప మరేదీ తగిలించకుండా సూదులను కలిపి చూడాలి. అట్టపెట్టె మీద లేచి క్యాబినెట్‌లో లేవకపోతే దొంగ దొరికినట్టే: బోర్డును రేకుకు ఎత్తుగా నిలిపే ఇత్తడి స్టాండు ఒకటి బోర్డులో రంధ్రం లేని చోట మిగిలిపోయి దాని వీపుకు తగులుతూ ఉంటుంది, లేదా జారిపడిన స్క్రూ కింద ఇరుక్కుని ఉంటుంది, లేదా వెనుక రేకులోని సన్నని నాలుక యూఎస్‌బీ రంధ్రంలోకి దూరి ఉంటుంది. లేచాక భాగాలను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతిసారీ కరెంటు తీసి, ఏది కలిపినప్పుడు ఆగిందో గమనించాలి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడి ప్రాంతాల్లో ఉన్నంత స్థిరవిద్యుత్ భయం లేదు గాని, బోర్డును ముట్టుకునే ముందు ఎర్తింగ్ ఉన్న లోహాన్ని ఒకసారి తాకడం మంచి అలవాటు.

అట్టపెట్టె మీద కూడా లేవకపోతే కరెంటు తీసి, నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీని కొద్ది నిమిషాలు బయట ఉంచి, ర్యామ్‌ను మరో గాడిలో పెట్టి, ప్రాసెసర్‌ను ఎత్తి సూదులు వంగాయేమో వెలుతురులో చూడాలి. అప్పటికీ ఫలితం లేకపోతే దుకాణానికి వెళ్లక తప్పదు. బిల్లుతోపాటు ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ నాలుగూ తీసుకెళ్లి, మీ ఎదుటే వాళ్ల దగ్గరున్న మంచి భాగాలతో మార్చి మార్చి చూడమని అడగండి. ప్రాసెసర్ తీసేసి బోర్డును మాత్రమే వారంటీకి పంపాల్సివస్తే, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీద మొదట ఉన్న ప్లాస్టిక్ మూతను తిరిగి బిగించి, సాకెట్ సూదుల ఫోటో తీసుకున్న తరువాతే చేతికివ్వండి. దారిలో సూదులు వంగితే వారంటీ వర్తించదంటారు.