ఆపద వేళ పనివాళ్లందరికీ కబురు ఎలా అందించాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దాని దెబ్బ ఒడిశాలోని గజపతి జిల్లా కొండల దాకా తగిలింది. అప్పుడు నేను పర్లాకిమిడిలో ఓ జీడిపప్పు మిల్లులో లెక్కలు రాసేదాన్ని. ముందు రోజు సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో "రేపు మిల్లు సెలవు" అని పెట్టారు. గ్రూపులో లేనివాళ్లకు అది చేతులు మారి అర్ధరాత్రి దాటాక చేరింది. వాళ్ల లెక్కలో రేపంటే 12. ఇద్దరు ఆడవాళ్లు ఆ గాలివానలో గేటు దాకా వచ్చేశారు. ఆ తడిసిన ముఖాలు నాకింకా కళ్లముందే ఉన్నాయి.

ముందు ఆపద ఎలాంటిదో చూడండి. తుపాను, వరద కాస్త వ్యవధి ఇస్తాయి. వాటికి మెసేజ్ పనికొస్తుంది. మంటలు, గ్యాస్ లీకు, మెషీన్లో చెయ్యి పడటం లాంటివి వ్యవధి ఇవ్వవు. అప్పుడు ఫోన్ తీయకుండా గంట కొట్టాలి, కేకెయ్యాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం కరెంటు బెల్ నొక్కొద్దు, స్విచ్‌లో రవ్వ చాలు అంటుకోడానికి. చేత్తో కొట్టే ఇనప గంట కూడా వద్దు, నోటితోనే అరవండి. కంప్యూటర్లో లెక్కలు పోవడం, సరుకు మీద పుకారు రావడం కూడా ఆపదలే, కానీ వాటికి ఆలోచించి చెప్పే టైం ఉంటుంది.

చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఎవరు చెప్తారో కూడా ముందే అనుకోండి.

మెసేజ్‌లో "రేపు" రాయకండి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఇది మరీ చిక్కు, ఒడియాలో "కాలి" అంటే నిన్న, రేపు రెండూను. వారం, తేదీ, టైం వేయండి. ఇలా:

"తుపాను వస్తోంది. గురువారం, 11వ తేదీ మిల్లు లేదు. ఎవరూ ఇల్లు కదలొద్దు. మళ్లీ గురువారం సాయంత్రం 5కి చెప్తాం. — మేనేజరు"

దీన్నే ఒడియాలోనూ పెట్టండి. చదువు రానివాళ్లకు, సవర మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో వాయిస్ మెసేజ్ పంపండి. 5 గంటలకి కొత్త సంగతేమీ లేకపోయినా ఆ మాటే చెప్పాలి. లేకపోతే ఇళ్లలో టెన్షన్ పెరిగి, పుకార్లు మొదలవుతాయి.

ఫోన్లు మూగబోతాయనే అనుకోండి. వీధుల వారీగా పేర్లు, ఇంటి గుర్తులు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. వీధికొకరు ఇంటింటికీ చెప్పాలి. కాగితం పైన అత్యవసర నంబరు 112 పెద్దగా రాయండి.

ఒకసారి చేసి చూడండి. మేం గంట కొట్టి చూస్తే గింజలు కాల్చే షెడ్డులో ఆ హోరుకి ఎవరికీ వినపడలేదు. మర్నాడే అక్కడ ఇంకో గంట కట్టారు.