బైక్ టైర్లలో గాలి ఎంతుందో ఫోన్లో చూసుకోవడం ఎలా

నా బైక్ టైరు ఇంతవరకు ఒక్కసారి కూడా పేలలేదు, వచ్చినవన్నీ స్లో పంక్చర్లే. కాలువ గట్టు మీద తుమ్మ ముల్లు దిగుతుంది, విరిగి లోపలే ఉండిపోతుంది, ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి గాలి ఒక్కసారిగా పోదు, గంటకి కొంచెం చొప్పున తగ్గుతూ ఉంటుంది. బండి వెనక భాగం ఊగుతోందని మనకి అనిపించేసరికి ఒక పక్క కాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు, వెనక సీట్లో ఇంటావిడ. ఆ సంగతి పది కిలోమీటర్లు ముందే తెలియాలంటే టైరుకి గాలి కొలిచే సెన్సార్ పెట్టుకోవడం మంచిది.

వీటిలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి టైరు ఊడదీసి రిమ్ముకి లోపల బిగించేది, రెండోది వాల్వ్ మీద క్యాప్ తీసేసి దాని స్థానంలో తిప్పేసేది. మన వాడకానికి రెండోదే చాలు, ఎవరి సాయం లేకుండా ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చు. కొనేముందు బ్లూటూత్‌తో ఫోనుకి కలిసేదేనా అని చూడండి, ఎందుకంటే కొన్ని సెట్లు వాటి సొంత చిన్న స్క్రీనుకే పనిచేస్తాయి, ఫోనుకి కనపడవు. లోపలి బ్యాటరీ మనం మార్చుకోగలిగేదై ఉండాలి. చాలావాటిలో సీఆర్1632 అనే బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. చువ్వల చక్రాలు, ట్యూబ్ టైర్లు ఉన్న బండికి మాత్రం దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ట్యూబ్ చిరిగితే గాలి క్షణాల్లో పోతుంది, ఫోను మోగేలోపే బండి కూర్చుంటుంది.

సెన్సార్ పెట్టడానికి ముందు గాలి సరిచేసుకోవాలి. ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో చైన్ కవర్ మీదో స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఒక్కరికి ఒక లెక్క, వెనక మనిషి ఉంటే ఇంకో లెక్క. ఆ అంకెలు చల్లటి టైరుకి రాసినవి, అంటే కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్న బండికి. పొద్దున్నే దగ్గరలో ఉన్న బంకుకి వెళ్ళి కొట్టించుకుని, ఇంటికొచ్చి బండి చల్లారాక సొంత గేజితో ఇంకోసారి చూసుకోండి. బంకు మీటర్లు అన్నీ ఒకేలా చూపించవు.

ఇక బిగించడం. ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. మామూలు క్యాప్ దుమ్ము ఆపుతుందంతే, గాలిని ఆపేది లోపలి పిన్ను. ఈ సెన్సార్ ఆ పిన్నుని నొక్కి పట్టుకుని లోపలి గాలిని తనలోకి తీసుకుని కొలుస్తుంది, అంటే పెట్టిన క్షణం నుంచి మీ టైరు గాలినంతా ఆపుతున్నది సెన్సార్ అడుగున ఉన్న చిన్న రబ్బరు వాషరే. అందుకే చేత్తో గట్టిగా తిప్పండి, పట్టకారు పెట్టకండి. తర్వాత సబ్బు నీళ్ళు చుట్టూ రాసి రెండు నిమిషాలు కదలకుండా చూడండి, ఆవగింజంత బుడగ లేచినా తీసి మళ్ళీ పెట్టాలి. డబుల్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి, బ్రేకు క్యాలిపర్‌కి గానీ ఫోర్కుకి గానీ తగలడం లేదని నిర్ధారించుకోండి. రబ్బరు వాల్వ్ పాతబడి పగుళ్ళు వేసి ఉంటే దాని మీద ఈ బరువు పెట్టకండి, ముందు కొత్తది వేయించుకోండి.

యాప్ పని సులువే, చాలామంది అవస్థ పడేది పర్మిషన్ల దగ్గరే. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ సెన్సార్ దొరకాలంటే లొకేషన్ ఆన్ చేయాలి, ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గర్లోని పరికరాల పర్మిషన్ వేరుగా అడుగుతుంది. ఇస్తేనే కనపడుతుంది. ముందు చక్రం సెన్సార్‌ని ముందు గడిలో, వెనకది వెనక గడిలో జతచేసి, యూనిట్లు పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) మార్చండి. తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి ఈ యాప్‌కి బ్యాటరీ సేవింగ్ ఆపేయండి. ఇది చేయకపోతే స్క్రీను ఆరిన కాసేపటికి ఫోను యాప్‌ని మూసేస్తుంది, మీరు మాత్రం సెన్సార్ కాపలా కాస్తోందనే ధీమాలో ఉంటారు.

అలర్ట్ ఎంత దగ్గర పెట్టాలి? అమెరికాలో కార్లకి ఉన్న రూలు ప్రకారం గాలి 25 శాతం తగ్గాక దీపం వెలిగినా చాలు, నాలుగు చక్రాల బండి కాబట్టి అది సరిపోవచ్చు. రెండు చక్రాలకి అంత ఆలస్యం పనికిరాదు. నేను పది శాతం దగ్గర పెడతాను, 28 ఉండాల్సిన టైరుకి 25, 36 ఉండాల్సినదానికి 32.

అయితే అలర్ట్ కంటే అంకె నడకే ఎక్కువ చెబుతుంది. వేడికి గాలి పెరుగుతుంది, సుమారు ఆరేడు డిగ్రీలకి ఒక పీఎస్‌ఐ. పొద్దున 28 ఉన్నది ఎండాకాలం మధ్యాహ్నం అమలాపురం నుంచి రావులపాలెం వెళ్ళేసరికి 31 చూపిస్తే అది మామూలే, ఎక్కువైందని గాలి తీసేయకండి, మర్నాడు పొద్దున తక్కువైపోతుంది. భయపడాల్సింది పెరగనప్పుడు.

మొన్న వానాకాలం అమలాపురంలో బయల్దేరినప్పుడు నా వెనక టైరు 36. రాజోలులో టీకి ఆగి చూస్తే 35. ఒకటే కదా అని వదిలేశాను, కానీ అంత దూరం నడిచిన టైరు 37, 38 చూపించాలి, 35 అంటే అప్పటికే మూడు దాకా పోయినట్టు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డాక 32 దగ్గర ఫోను మోగింది. సీసాలో నీళ్ళు టైరు మీద కొద్దికొద్దిగా పోస్తూ చక్రం తిప్పితే, గాడి పక్కన గోధుమ రంగు చుక్క ఒకటి, దాని అంచున సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయి. ముల్లు పీకకుండా అలాగే రేవు పక్కన షాపు దాకా నడిపించుకెళ్ళి ప్లగ్ వేయించాను. అప్పటినుంచి టీకి ఆగినప్పుడల్లా పొద్దుటి అంకెతో పోల్చి చూసుకుంటున్నాను.

బండి నడుస్తుండగా మోగితే బ్రేకు గట్టిగా పట్టకండి. యాక్సిలరేటర్ వదిలి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, గట్టి నేల కనపడ్డాక ఆపండి. గట్టు అంచున తడి మట్టిలో సైడ్ స్టాండ్ దిగబడి బండి పడుతుంది.

పొద్దున యాప్ తెరవగానే కనపడే అంకెని వెంటనే నమ్మకండి. బ్యాటరీ ఆదా కోసం బండి ఆగి ఉన్నప్పుడు సెన్సార్ నిద్రపోతుంది, ఆ అంకె రాత్రిది కావచ్చు. పక్కన టైము చూడండి, అవసరమైతే బండిని నాలుగు గజాలు తోయండి. టెంపరేచర్ అంకెని కూడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, వాల్వ్ బయట ఉండేది కాబట్టి టైరు లోపలి వేడి దానికి సరిగా తెలియదు.

సముద్రం దగ్గర ఉండేవాళ్ళు, అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు వాళ్ళు ఇది మాత్రం మర్చిపోవద్దు. సెన్సార్ మరలు అల్యూమినియం, వాల్వ్ ఇత్తడి అయితే ఉప్పుగాలికి రెండూ పట్టేసుకుంటాయి. నా మొదటి సెట్ తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోతే, ఒక షాపులో కటింగ్ ప్లేయర్‌తో తిప్పి వాల్వ్ మెడ విరిచేశారు, ఉన్న గాలంతా అక్కడే పోయింది. అందుకే నెలకోసారి తీసి, పాత టూత్ బ్రష్‌తో మరలు తుడిచి, వేలి కొసతో కొంచెం సిలికాన్ గ్రీజు రాసి పెట్టండి. ఎలాగూ గాలి కొట్టించాలంటే సెన్సార్ తీయాల్సిందే. దొంగతనం కాకుండా అడుగున లాక్ నట్ వేసుకుంటే దాని స్పానర్ సీటు కింద పెట్టుకోండి, పంక్చర్ షాపులో అది ఉండదు. టైరులో పంక్చర్ జెల్ పోయించినవాళ్ళు ఈ సెన్సార్ పెట్టకండి, ఆ జిగురు దాని రంధ్రం పూడ్చేస్తుంది.