నాపరాయిలో గవ్వ ఉందో లేదో చూడటం ఎలా?

మిర్యాలగూడలో మా ఇంటి నడవంతా షాబాద్ బండలే. ఓ ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా ఉంటుందని కింద పడుకుంటే, సరిగ్గా చెంప పక్కన బండలో చిన్న నల్లటి చెట్టు కనిపించింది. కొమ్మలు, రెమ్మలు అన్నీ ఉన్నాయి. శిలాజమే అనుకొని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను. జియాలజీ చదివిన దోస్తు ఒక్క ముక్కలో గాలి తీసేశాడు: "అది చెట్టు కాదురా, మాంగనీస్ మరక." ఆ తర్వాత వాడి దగ్గర నేర్చుకున్నదే ఇదంతా.

ముందు రాయి వయసు తెలుసుకోండి. వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయి కర్నూలు శ్రేణిది (శ్రేణి అంటే దాదాపు ఒకే కాలంలో పేరుకున్న రాతిపొరల గుంపు). మా నడవలోని షాబాద్ బండ, తాండూరు బండ భీమా శ్రేణివి. రెండూ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. అయితే గట్టి చిప్పలున్న జీవులు లోకమంతా విస్తరించింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట. ఈ బండలు అంతకంటే పాతవి. అందుకే వీటిలో నత్త, ఆల్చిప్ప, శంఖం ఎంత వెతికినా దొరకవు. మీ ఊరి రాయి ఏ శ్రేణిదో జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) వాళ్ల 'భూకోశ్' వెబ్‌సైట్ మ్యాపులో చూడొచ్చు. మహబూబ్‌నగర్ చుట్టూ ఎక్కువగా గ్రానైటే కాబట్టి అక్కడ ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత అది సున్నపురాయేనా అని చూడండి. విరిగిన ముక్క మీద నిమ్మరసం పిండి, లెన్స్‌తో చూస్తే సన్నటి బుడగలు లేస్తాయి. ముక్క మీదే చేయండి, పరిచిన బండ మీద వద్దు. నేను అత్యుత్సాహంతో బాత్రూమ్ యాసిడ్ రెండు చుక్కలు నడవలోనే వేశాను. బుస్సుమని పొంగింది, రెండు రూపాయి బిళ్లలంత మేర పాలిష్ పోయింది. అమ్మ ఇప్పటికీ అక్కడ చాప పరుస్తుంది.

ఇక అసలు పని, చూడటం. బండను తడిపి, పొద్దు వాలేటప్పుడు ఏటవాలు వెలుతురులో చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో గీతలేవీ తేలవు. పదింతలు చూపే చిన్న లెన్స్ ఉంటే చాలు.

చెట్టులాంటి మరక కనిపిస్తే, అది ఎక్కడి నుంచి మొదలైందో వెతకండి. మాంగనీస్, ఇనుము కలిసిన నీరు పగుళ్లలోకి, పొరల మధ్యకి ఇంకి ఆ ముగ్గు వేస్తుంది. అందుకే కొమ్మలు తరచూ పగులు అంచునుంచే పుడతాయి. ఆకుకు ఉండాల్సిన నడిమి ఈనె ఉండదు. అసలు ఆ రాయి ఏర్పడిన కాలానికి నేల మీద చెట్లే లేవు. బండకు అడ్డంగా ఈసీజీలా వంకరటింకరగా పోయే నల్లగీత కూడా పురుగు జాడ కాదు. పైబరువుకు రాయి కరిగి, కరగని మట్టి మిగిలిన గీత అది. తెల్లటి తీగలు కాల్సైట్ అనే సున్నపు ఖనిజం.

మరి జీవం జాడే లేదా? ఉంది. భీమా శ్రేణి పలకరాళ్లలో ఆవగింజంత, పెసరగింజంత నల్లటి బిళ్లలు దొరికాయి. వాటిని చువారియా అంటారు, నాచు జాతివని ఎక్కువమంది అభిప్రాయం. కడప జిల్లా వేంపల్లె పొరల్లో సూక్ష్మజీవుల పొరలు ఒకదానిపై ఒకటి పెరిగిన స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. వాటిని బండ పైభాగంలో కాకుండా కోసిన పక్కన చూడాలి. బోర్లించిన గిన్నెలు దొంతర పెట్టినట్టు ఉంటాయి.

నిజమైన సముద్రజీవి గుల్ల ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే పూజగదిలోకి వెళ్లండి. నేపాల్ గండకీ నది సాలగ్రామాల్లో చాలావాటి లోపల ఉన్న చక్రం అమ్మోనైట్ అనే, ఎప్పుడో అంతరించిన సముద్రజీవి గుల్లే. లోపలి గీతలు ఒకే లెక్కలో అడ్డంగా, చుట్టు తిరిగేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. ఆ క్రమం మరకలో రాదు. మాల్స్‌లో పరిచే కొన్ని విదేశీ లేత గోధుమరంగు బండల్లోనూ అమ్మోనైట్ చుట్టలు, బుల్లెట్ ఆకారపు బెలెమ్నైట్లు (స్క్విడ్ లాంటి, అంతరించిన సముద్రజీవుల శిలాజాలు) కనిపిస్తాయి. అందరూ షాపులు చూస్తుంటే నేను నేల చూస్తానని ఇంట్లో గొడవ.

మన దగ్గరే నత్తలు కావాలంటే వికారాబాద్ వైపు, లావా పొరల నడుమ చిక్కిన చెరువు మట్టి రాళ్లలో ఉంటాయి. అవి మంచినీటి నత్తలు. అక్కడి నస్కల్ దగ్గర దొరికిన చిన్న క్షీరదం డెక్కనోలెస్టెస్‌ను 1988లో ప్రకటించారు. సముద్రపు గుల్లలే కావాలంటే రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి దాకా పోవాల్సిందే.

ఏదైనా కనిపిస్తే సుత్తి తీయొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, లొకేషన్ రాసుకోండి, రాయి ఏ వైపు పైకి ఉందో బాణం గీయండి. క్వారీలోకి యజమాని అనుమతి లేకుండా వెళ్లొద్దు, పేలుళ్లు జరుగుతుంటాయి. ఫొటోలు, లొకేషన్ హైదరాబాద్ బండ్లగూడ జీఎస్‌ఐ ఆఫీసుకో, ఉస్మానియా జియాలజీ విభాగానికో చూపించండి. వాట్సాప్ గ్రూపులకు ఆ తర్వాత పంపొచ్చు.