ఈదురుగాలులు మొదలయ్యేలోపు హోమ్ అసిస్టెంట్ సర్వర్‌కి చేసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరు వచ్చిందంటే మన దగ్గర సాయంత్రానికి గాలి లేస్తుంది, కరెంటు పోతుంది. పోయింది వచ్చి నిలబడదు కూడా. వస్తుంది, రెండు నిమిషాల్లో మళ్ళీ పోతుంది. ఫ్యాన్లూ లైట్లూ దీన్ని తట్టుకుంటాయి గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇక్కడ 'పై' అంటే అదే) మీద నడుస్తూ, ఇంట్లో మోటారూ లైట్లూ ఫోన్ నుంచి నడిపించే హోమ్ అసిస్టెంట్ సర్వర్‌కి ఇది గడ్డుకాలమే.

పోయిన జూన్‌లో అలాంటి రాత్రి ఒకటి గడిచాక, పొద్దున్నే అమ్మ లేపింది. "ఒరేయ్, ఫోన్లో మోటారు రావట్లేదురా, ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు" అంది. చూస్తే హోమ్ అసిస్టెంట్ పేజీ తెరుచుకోవడం లేదు. సర్వర్ ఉండే ఎస్‌డీ కార్డు పాడైందనుకుని, తీసి మొత్తం కొత్తగా ఎక్కించాను. అప్పుడూ తెరుచుకోలేదు. చివరికి రౌటర్ పేజీలో చూస్తే, 192.168.1.23లో ఉండాల్సిన పై 192.168.1.31లో ఉంది. సర్వర్‌కి ఏమీ కాలేదు, అడ్రసు మారిందంతే. రెండేళ్ళుగా పేర్చుకున్న ఆటోమేషన్లన్నీ నా చేత్తో నేనే చెరిపేశాను. ఇంకెవరికీ అలా జరక్కూడదని ఇది రాస్తున్నాను.

అందుకే ముందు అడ్రసు సంగతి చూసుకోండి. కరెంటు పోయి వస్తే చాలా రౌటర్లు ఎవరికి ఏ నంబరు ఇచ్చామో మర్చిపోతాయి. ముందు అడిగినవాళ్ళకి ముందు ఇచ్చేస్తాయి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని, ఒక్కో పరికరానికి ఎప్పుడూ ఒకే నంబరు ఇచ్చే సెట్టింగు ఉంటుంది. అందులో పై మ్యాక్ అడ్రసుకి (పరికరానికి పుట్టుకతో వచ్చే గుర్తింపు నంబరు) ఒక ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) కట్టేయండి. మోటారు స్విచ్‌కి కూడా అలాగే చేయండి. పై లోపలే స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రసు, పెట్టేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. రేపు రౌటర్ మార్చి, కొత్తది 192.168.0తో మొదలయ్యే నంబర్లు ఇస్తే పై ఒంటరిగా మిగిలిపోతుంది. హోమ్‌అసిస్టెంట్ డాట్ లోకల్ అనే పేరు మీద కూడా పూర్తిగా ఆధారపడకండి. ఆ పేరు ఎండీఎన్ఎస్ అనే, ఇంటి నెట్‌వర్క్‌లో పేరుని బట్టి అడ్రసు వెతికే పద్ధతి మీద నడుస్తుంది, కొన్ని రౌటర్లూ ఫోన్లూ దాన్ని సరిగ్గా పట్టించుకోవు. ఐపీ నంబరు, దాని చివర కోలన్ తర్వాత వచ్చే 8123 పోర్టు నంబరు, రెండూ కాగితం మీద రాసి డబ్బాకి అంటించండి.

తర్వాత కరెంటు. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరే పెట్టాలి, చాలా ఫోన్ ఛార్జర్లు సరిపోవు. దాని ఎర్ర లైటు మధ్యమధ్యలో ఆరిపోతుంటే వోల్టేజి చాలట్లేదని అర్థం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. అది వేస్తే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి త్వరగా మారుతుంది. రౌటర్ కూడా అదే లైన్లో ఉండాలి. పై వెలుగుతూ రౌటర్ ఆరిపోతే లాభం లేదు.

ఎస్‌డీ కార్డుకి అసలు ముప్పు రాస్తుండగా కరెంటు పోవడమే. హోమ్ అసిస్టెంట్ మామూలుగా 5 సెకన్లకోసారి డేటాబేస్‌లో రాస్తుంది. వీలైతే ఎస్‌డీ కార్డు బదులు ఎస్ఎస్‌డీ డ్రైవ్‌కి మారండి. లేదంటే డేటాబేస్‌లో రాసే భాగమైన రికార్డర్ సెట్టింగుల్లో ఆ వ్యవధి పెంచి, అక్కర్లేని సెన్సర్లని ఆ రికార్డులోంచి తీసేయండి. మోటారు గదికో, డాబా మీది కెమెరాకో ల్యాన్ కేబుల్ బయటినుంచి వెళ్తుంటే, ఉరుములు మొదలవకముందే ఆ పిన్ను పీకేయండి.

బ్యాకప్ ఈ వారమే తీయండి. అదే కార్డులో ఉంచితే అది బ్యాకప్ కాదు, ల్యాప్‌టాప్‌లోకి దింపుకోండి. దాని ఎన్‌క్రిప్షన్ కీ విడిగా దాచుకోండి. ఎన్‌క్రిప్ట్ అయిన బ్యాకప్ ఆ కీ లేకపోతే తెరుచుకోదు. మబ్బు పట్టిన రోజు అప్డేట్ జోలికి పోవద్దు.

ఇన్ని చేసినా పేజీ రాకపోతే, ముందు పది నిమిషాలు ఆగండి. కరెంటు దెబ్బ తర్వాత డేటాబేస్ సరిచూసుకోవడానికి టైము పడుతుంది. ఫోన్లో మొబైల్ డేటా ఆపి, గెస్ట్ వైఫై కాకుండా ఇంటి వైఫైలోనే ఉన్నారో లేదో చూడండి. కొన్ని బ్రౌజర్లు తమంతట తామే అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలిస్తాయి, మీరు సర్టిఫికెట్ పెట్టుకోకపోతే ఆ చివరి ఎస్ తీసేయండి. రౌటర్ లిస్టులో పై లేకపోతే కేబులూ అడాప్టరూ చూడాలి. లిస్టులో ఉండీ 8123 రాకపోతే, అదే ఐపీకి 4357 పోర్టు కొట్టండి. హోమ్ అసిస్టెంట్ ఓఎస్‌లో అది సర్వర్ స్థితి చూపే అబ్జర్వర్ పేజీ. అది వచ్చిందంటే మిషన్ బతికే ఉంది, కోర్, అంటే హోమ్ అసిస్టెంట్ అసలు ప్రోగ్రాము, లేచి ఉండకపోవచ్చు. అప్పుడు మానిటరూ కీబోర్డూ తగిలించి 'కోర్ చెక్', 'కోర్ లాగ్స్' కమాండ్లు ఇస్తే, సెట్టింగులు రాసుకునే యామిల్ ఫైల్లో తప్పున్నా, డేటాబేస్ దెబ్బతిన్నా అక్కడ కనబడుతుంది. ఇవన్నీ అయ్యేదాకా కార్డు మీద చెయ్యి వేయకండి.

మోటారు స్టార్టర్ బటన్లు సర్వర్ లేకుండానే పనిచేయాలి, ఒకసారి పై ఆపేసి నొక్కి చూడండి. మా ఇంట్లో స్టార్టర్ డబ్బా మీద పచ్చ బటన్ పక్కన "ఫోన్ రాకపోతే ఇది నొక్కు" అని రాసిన టేపు అంటించాను. అమ్మ చేత రెండుసార్లు నొక్కించాను కూడా.