పక్క తడుస్తోందా? ముందు గురక సంగతి చూడండి

సమస్య

మా బావది చిత్తూరు. సొంత కారు, తిరుమల కిరాయిలే ఎక్కువ. నలభై ఆరేళ్ల మనిషికి రెండు నెలల్లో మూడుసార్లు పక్క తడిసింది. అక్క మిద్దె మీద దుప్పటి ఆరేస్తూ, చెంబు ఒలికిందని పక్కింటామెకు చెప్పుకుంది. బావ సాయంత్రం నుంచే నీళ్లు మానేశాడు, బంధువుల ఇళ్లలో రాత్రి ఉండటం కూడా మానేశాడు. పక్క తడవడం మాత్రం ఆగలేదు.

పెద్దవాళ్లకు ఇలా జరుగుతుంటే పక్కన పడుకునేవాళ్లు గురక వినాలి. గట్టిగా సాగే గురక ఉన్నట్టుండి ఆగి, కాసేపు ఊపిరే లేనట్టుండి, తర్వాత ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా? పొద్దున నోరెండిపోవడం, తలనొప్పి, పగలు కూర్చుంటే కునుకు? అయితే స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బును, అనుమానించాలి. ఆ మనిషికి తెలియదు కాబట్టి ఫోన్‌లో వీడియో తీయండి. మన ఇళ్లలో గురక పెడితే హాయిగా నిద్రపోతున్నాడంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

కారణం

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. కనీసం పది సెకన్లు ఊపిరి ఆడదు. మూసుకున్న దారిలోంచి గాలి లాగాలని ఛాతీ పెనుగులాడుతుంది. ఆ లాగుడుకు గుండెలోకి రక్తం ఎక్కువగా వచ్చి, పైగది సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి ఒక హార్మోన్ వదులుతుంది. ఉప్పునూ నీటినీ బయటికి పంపమని కిడ్నీలకు అదే కబురు. మామూలుగా రాత్రి తగ్గాల్సిన మూత్రం అందుకే పెరుగుతుంది. చాలామంది మూడు నాలుగుసార్లు లేచి వెళ్తారు. నిద్ర పదేపదే చెదిరి అలసిపోయిన కొందరికి మాత్రం మెలకువ రాదు, పక్క తడుస్తుంది.

అన్నిటికీ గురకే కారణం కాదు. షుగర్, మూత్రంలో ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వాపు, నిద్రమాత్రలు, మద్యం, సాయంత్రం వేసుకునే నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) కూడా చూడాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. కాళ్లు తిమ్మిరెక్కడం, బలం తగ్గడం, మలం ఆపుకోలేకపోవడం తోడైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పరిష్కారం

డాక్టరుకు గురక, పక్క తడవడం రెండూ కలిపి చెప్పండి. బావ మొదట వెళ్లిన చోట మూత్రం సంగతే చెప్పాడు. గురక గురించి ఇతను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. షుగర్, మూత్రం, స్కానింగ్ అన్నీ బాగున్నాయి, మాత్రలతో మార్పు లేదు. అక్క పోరు పెట్టి తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టరుకు వీడియో చూపిస్తే, ఆయన ఒక రాత్రి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, రాశాడు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు 5 సార్ల లోపయితే మామూలే. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. బావకు 41 వచ్చింది.

దీనికి చికిత్స సీపాప్ మిషన్. మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. మొదటి వారం బావ అర్ధరాత్రి పీకేసేవాడు. మాస్కు సైజు మార్చి, గాలికి తేమ కలిపే పెట్టె పెట్టాక సర్దుకున్నాడు. దారి తెరుచుకుంటే రాత్రి మూత్రం చాలామందికి తగ్గుతుంది. మిషన్ సరిగ్గా వాడుతున్నా పక్క తడుస్తుంటే మళ్లీ మూత్రాశయం వైపు చూడాలి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం తోడ్పడతాయి. నీళ్లు పగలే బాగా తాగి, పడుకునే ముందు తగ్గిస్తే చాలు.

చికిత్స కుదిరేదాకా స్టీరింగ్ పట్టొద్దు. 1944లో వేసిన తిరుమల పాత ఘాట్ రోడ్డు, ఇప్పుడు కొండ దిగే దారి, నిండా మలుపులే. అక్కడ ఒక్క కునుకు చాలు. ఈ మాట చెప్పినందుకు బావ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, కానీ నెల రోజులు కారు డ్రైవరుకిచ్చాడు.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో మూడు రాత్రులు ఉన్నాడు. వచ్చీ రాగానే అడిగింది కాఫీ కాదు, మంచం దగ్గర ప్లగ్ పాయింట్ ఎక్కడుందని.